పొట్టి జీపు, పొడుగు జీపు, ఏసీ జీపు

మా అన్నయ్య కొడుకు చిన్నారావు కొత్తగా కొన్న జీపులో ముందు అద్దం దగ్గర ఒక చిన్న గాజు సీసా వేలాడుతూ ఉంటుంది. లోపల పసుపుపచ్చటి నూనె. నిమ్మకాయ వాసనట. పోయిన చలికాలం సెలవులకి నేనూ మా అమ్మాయీ పార్వతీపురంలో బయల్దేరి శృంగవరపుకోటలో బస్సు దిగితే, వాడు ఆ జీపు తెచ్చి మా కాళ్ళ ముందు ఆపాడు. సీట్లకి ప్లాస్టిక్ తొడుగులైనా ఇంకా తీయలేదు. అద్దాలన్నీ బిగించి, ఏసీ పెట్టి, పాటలు గట్టిగా వేసి, ఘాటీ ఎక్కించడం మొదలుపెట్టాడు. కొత్త ప్లాస్టిక్ కంపు, ఆ సీసాలోని సబ్బు లాంటి నిమ్మకాయ కంపు, వెనక సీట్లో మా అమ్మాయి విప్పిన చిప్స్ పొట్లంలోంచి మసాలా కంపు, మూడూ కలిసి నా ముక్కులోకి ఎక్కాయి. రెండో వంపు తిరిగేసరికి నోట్లో నీళ్ళూరాయి. తినే ముందు ఊరే నీళ్ళు వేరు, కక్కే ముందు ఊరే నీళ్ళు వేరు. ఈ రెండో రకం నాకు చిన్నప్పటి నుంచీ బాగా తెలుసు.

అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య కొత్తగా కట్టిన ఒక రిసార్టు ముందు బండి ఆపమన్నాను. దిగి రోడ్డు పక్కన నిలబడి గాలి పీల్చుకుంటూ ఉంటే, గేటు లోపల గడ్డి మీద ఒక పాత జీపు కనిపించింది. చక్రాలు తీసేసి సిమెంటు దిమ్మల మీద నిలబెట్టారు. ఒళ్ళంతా చిలకపచ్చ రంగు పూశారు. ఇంజను ఉండాల్సిన గుంతలో మట్టి పోసి ఊదారంగు పూల మొక్కలు పెట్టారు. నల్లకళ్ళద్దాల కుర్రాడొకడు స్టీరింగు పట్టుకుని కూర్చుంటే అతని భార్య కాబోలు ఫోటోలు తీస్తోంది.

"ఆ బండి గుర్తుందేటి అత్తా? మన సూర్రావుదే అది," అన్నాడు చిన్నారావు. "ఇనుమంటే అదీ ఇనుం. ఇప్పుడియన్నీ రేకులు. అలాంటి బండ్లు మళ్ళీ రావు."

ఫోటో తీస్తున్న ఆవిడ మావైపు తిరిగి నవ్వి, ఆ రోజులే వేరండీ అంది. ఆవిడ మంచి మనిషే అయి ఉంటుంది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ జీపు వెనక బల్ల మీద కూర్చున్నవాళ్ళెవరికీ దాన్ని చూస్తే నవ్వు రాదు. పువ్వులు పెట్టిన ఆ ఇనుప డొక్కుని చూసి అందరూ ముచ్చటపడుతుంటే, నేను గేటు ఊచ పట్టుకుని రోడ్డు పక్క తుప్పల్లో కక్కుకున్నాను.

నా ఎరికలో మా కొండలకి మూడు తరాల జీపులు వచ్చాయి. మొదటిది పొట్టి జీపు. దాన్ని నేను కళ్ళారా చూడలేదు. అది నేను పుట్టకముందు వెదురు కాంట్రాక్టరు తిరిగిన బండి. గుడ్డ టాపు, ముందు ఇద్దరు పట్టే సీట్లు, వెనక తుపాకీ పట్టుకున్న మనిషి. అప్పట్లో మా ఊరికి రోడ్డు లేదు, వెదురు లాగడానికి కొట్టిన మట్టిబాట మాత్రం ఉండేది. దాని చప్పుడు కింద లోయలో వినపడగానే కోళ్ళని బుట్టల కింద మూసి, చింతపండు గాదెల వెనక్కి నెట్టి, వయసు ఆడపిల్లల్ని అడివిలోకి తోలేసేవారని మా అవ్వ చెప్పేది. మా నాన్నని కన్నతల్లి ఆమె. నన్ను పెంచిందీ ఆమే.

అవ్వ ఆ పొట్టి జీపు గురించి చెప్పే కథ ఒకటుంది. దాన్ని ఎప్పుడూ ఒకే తీరుగా, ఒకే మాటలతో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, మధ్యమధ్య ఆ చుట్ట బయటికి తీసి చెప్పేది. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది మాకు. మగవాళ్ళందరూ విల్లులూ బాణాలూ తీసుకుని వేటకి వెళ్ళిపోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరించి నవ్వుతారు. మగవాళ్ళు లేని ఆ రోజుల్లో ఊరంతా ఆడవాళ్ళదే రాజ్యం. తలలో అడివిపూలు తురుముకుని, ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఊగుతూ పాడుకుంటూ బాట మీదికొచ్చి, అడ్డంగా వెదురు గడ కట్టి, వచ్చే పోయేవాళ్ళని ఆపి, పండగ మామూలు ఇచ్చేదాకా వదలరు. ఎంత పెద్దవాడైనా నవ్వుతూ ఏదో ఒకటి ఇచ్చి దాటవలసిందే. ఆ ఏడు గడ దగ్గరికి పొట్టి జీపు వచ్చింది. కొత్తగా పెళ్ళై వచ్చిన మా అవ్వ అందరికంటే ముందు నిలబడి ఉంది. ముందు సీట్లో కూర్చున్న కాంట్రాక్టరు నములుతున్న కిళ్ళీని బుగ్గనించి బుగ్గకి మార్చుకుని, తల బయటికి పెట్టి, ఇదిగో మీ మామూలని ఆమె మీద ఉమ్మేశాడు. ఎర్రటి ఉమ్ము భుజం మీద పడి రొమ్ము మీదికి జారింది. వెనక తుపాకీవాడు పకపక నవ్వాడు. జీపు గడ విరగ్గొట్టుకుని వెళ్ళిపోయింది.

"వాగులో గొంతు దాకా దిగిపోనాను. ఆ సీర తోమినాను, తోమినాను, రాయి మీద అరిగిపోయేలా తోమినాను," అనేది అవ్వ. "మరక పోనాది. కంపు పోనేదు."

ఉన్న రెండు చీరల్లో ఆ ఒకటి ఆమె వాగులోనే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత జీపన్న దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడైనా జీపు ఎదురొస్తే బాట దిగి, తుప్పల వైపు తిరిగి నిలబడేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అవ్వ సున్నితపు మనిషి కాదు. అసహ్యమంటే ఏమిటో ఆమెకి తెలియదని ఊళ్ళో అనుకునేవారు. చుట్టుపక్కల గూడేలన్నింటికీ ఆమే మంత్రసాని. నెత్తురూ ఉమ్మనీరూ పురుడి గుడిసెలో మగ్గిన గుడ్డలూ ఆమెకి రోజూ వంటలాంటివి. పిల్లల ముక్కులు చేత్తో చీది చెట్టుకి రాసేది. కుళ్ళిన పుండు దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూసి పసరు పూసేది. వానాకాలం వెదురు కొమ్ములు తరిగి పులియబెడితే ఆ వాసనకి మేమంతా బయటికి పారిపోయేవాళ్ళం, ఆమె మాత్రం కుండ మూత తీసి మొహం లోపల పెట్టి, అయినాది అని సంతోషించేది. అదే మనిషికి ఒక్క కిళ్ళీ ఉమ్ము జన్మంతా అంటుకుని ఉండిపోయింది.

నేను పుట్టాక మట్టిబాటని వెడల్పు చేశారు. దాంతో పొడుగు జీపు వచ్చింది. మైదానం నుంచి వచ్చిన సూర్రావు అనే అతను దాన్ని మా ఊరి నుంచి అనంతగిరి మీదుగా, మేం కోట అనే శృంగవరపుకోట దాకా సర్వీసు తిప్పేవాడు. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, మధ్యలో మేకలు. ముందు సీట్లో గేరు రాడ్డుకి అటొకరూ ఇటొకరూ కూర్చుంటే సూర్రావు సగం తుంటి బయట పెట్టి, ఒక కాలు గాలిలో వేలాడేసి నడిపేవాడు. టాపు మీద పనస కాయలూ అడ్డాకు కట్టలూ అల్లం బస్తాలూ, వాటి మీద మనుషులూ. బంపరు మీద నిలబడినవాళ్ళు ఇంజను వేడికి కాళ్ళు మార్చుకుంటూ ఉండేవారు. చలికాలంలో కొండవాలంతా వలిసె పూలు పూసి పసుపుపచ్చగా మెరిసిపోతుంటే, దాని మధ్య ఈ బండి నల్లటి పొగ కక్కుతూ, మూలుగుతూ పాకేది. దూరం నుంచి చూస్తే పచ్చటి చీర మీద గొంగళిపురుగు పాకుతున్నట్టుండేది.

దూరం నుంచి చూస్తేనే. లోపల ఎక్కితే అది నరకం. ఎవరేం చెప్పినా నేను ఒప్పుకోను. వెళ్ళేటప్పుడు పచ్చి పసుపూ చింతపండూ పిప్పళ్ళూ, చెమట పట్టిన గొంగళ్ళూ, జీలుగు కల్లు పులిసిన ఊపిర్లూ. వచ్చేటప్పుడు ఎండు చేపలూ కిరసనాయిలూ కొత్త చెప్పులూ, సంతలో తాగిన సారా. మేకలు భయపడి మన పాదాల మీదే పెంటికలు వేసేవి. తలకిందులుగా కట్టిన కోళ్ళు మోకాళ్ళకి రెట్టలు పూసేవి. కాళ్ళ కింద రేకు పలకలో చిల్లు, ఆ చిల్లులోంచి డీజిల్ పొగ. ఎవరో చుట్ట కాల్చేవాడు, ఎవరో దాని బూడిద నా నెత్తిన రాల్చేవాడు. బల్ల మీద ఆడవాళ్ళ పక్కన చోటు కోసం తోసుకొచ్చే మగవాళ్ళ చేతులు ఆ ఇరుకులో ఎక్కడెక్కడికి పోయేవో మా అమ్మకీ పిన్నికీ తెలుసు. వాళ్ళు మోచేతులు మడిచి ఛాతీకి అడ్డం పెట్టుకుని, ఊరు వచ్చేదాకా అలాగే కూర్చునేవారు. నాకు అప్పుడు తెలియలేదు. ఎదిగాక అదే జీపులో నా మోచేతులూ వాటంతటవే మడుచుకున్నాయి.

నేను ప్రతిసారీ కక్కేదాన్ని. అంబలి తాగి ఎక్కినా, ఉత్త కడుపుతో ఎక్కినా, నిమ్మాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నా, చింతపండు బుగ్గన పెట్టుకున్నా, ఘాటీ వంపుల్లో మొదలయ్యేది. మేం పిల్లలం పడిపోయిన మద్దిమాను మీద వరసగా కూర్చుని జీపాట ఆడుకునేవాళ్ళం. ఒకడు నోటితో హారను, ఒకడు గేర్లు, ఇద్దరు మేకలు. నా వేషం ముందే ఖాయం. వంపు వచ్చిందని డ్రైవరు అరవగానే నేను తల పక్కకి వంచి ఓక్ ఓక్ అనాలి, మేకలు చెదిరి పారిపోవాలి. అందరూ విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఆ సంవత్సరం శ్రావణంలో అమ్మా నాన్నా పోడు మీద కావలి గుడిసెలో ఉన్నారు. చోడి చేలు వెన్ను తీసే వేళ పందులు వదలవు, పగలూ రాత్రీ మనిషి ఉండాలి. అన్నయ్య కూడా వాళ్ళతోనే వెళ్ళాడు. ఇంట్లో నేనూ అవ్వా. మూడుపూటలుగా జ్వరం వదలడం లేదు నాకు. వణుకు వచ్చినప్పుడు అవ్వ నా మీద గొంగళి కప్పి, దాని మీద తానే బోర్లా పడుకునేది. తెల్లవారేసరికి పిలిస్తే పలకడం మానేశానట. కళ్ళు పైకి వెళ్ళిపోతున్నాయట. ఎన్నో చావులూ పుట్టుకలూ చూసిన మనిషి. ఇది తన పసర్లకి లొంగేది కాదని తెలుసుకుంది. నన్ను చీరతో కడుపుకి కట్టుకుని వానలో రోడ్డు మీదికొచ్చి నిలబడింది.

జీపు వచ్చింది. అవ్వ బాట దిగలేదు. తుప్పల వైపు తిరగలేదు. చెయ్యెత్తింది.

"ఏటి ముసిలీ, జీపెక్కుతావేటి? ఇయ్యేళ సూర్యుడు పడమట పొడిసినాడేటి?" అన్నాడు సూర్రావు. లోపల నవ్వులు.

"గుంటకి బాగునేదు బావూ. కోటలో ఆసుపత్రికి దింపేయి," అంది అవ్వ. జన్మలో మొదటిసారి ఆ ఇనుము మీద కాలు పెట్టింది.

బల్లల మీద చోటు లేదు. మేకల మధ్య రేకు మీద చతికిలబడి నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నాకు ఆ ప్రయాణం ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పైన రేకు టాపు మీద వాన చప్పుడు, మేక కన్ను, చుట్టూ మోకాళ్ళు. అనంతగిరి దాటి ఘాటీ దిగుతుండగా నాకు లోపలి నుంచి తన్నుకొచ్చింది. పచ్చటి పసరు లాంటిది. ఆపుకోలేకపోయాను. అది ఎదుటి బల్ల మీద కూర్చున్న గంగన్న మావ పంచె మీద పడింది.

గంగన్న మావ మా ఊరివాడే. చింతపండు పోగు చేసి కోటలో షావుకారికి తోలేవాడు. ఊళ్ళో మొదట పెంకుటిల్లు కట్టినవాడు, మొదట చేతి గడియారం పెట్టుకున్నవాడు. మా ఇంట్లో కొత్త సామల అన్నం వండిన రోజు వాడికి ఆకు వేయకుండా మేం తినేవాళ్ళం కాదు. వాడి పిల్లలిద్దరినీ మా అవ్వే పుట్టించింది. ఆమాటకొస్తే ఆ జీపులో కూర్చున్న కుర్రాళ్ళలో సగంమందిని బయటికి లాగి ఏడిపించింది ఆ చేతులే.

మావ భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఆపవోయ్ సూర్రావ్. ఈ కంపు నానేగనేను. సంతకెల్లాలా, ఊపిరాడక సావాలా?"

జీపు ఆగింది. సూర్రావు వెనక్కి తిరిగి చూశాడు. "దిగవే ముసిలీ. గుంట కడుపు కాళీ అయ్యేక వెనకొచ్చే బండెక్కుదువు."

వెనక వచ్చే బండి ఏదీ లేదు. ఆ సంగతి ఆ జీపులో అందరికీ తెలుసు. అవ్వ ఒక్కొక్కళ్ళ మొహం వైపూ చూసింది. ఎవరి చూపు వాళ్ళ ఒళ్ళోకి దిగిపోయింది. ఒకామె కోడిని సర్దుకుంది. అవ్వ బతిమాలలేదు. నన్ను ఎత్తుకుని దిగింది. జీపు మా మీద బురద చిమ్మి వంపు తిరిగిపోయింది.

నన్ను వీపుకి కట్టుకుని ఆమె రోడ్డు వదిలి అడ్డదారిన దిగింది. జీపుని ముట్టనన్నాళ్ళూ కోట సంతకి ఆమె నడిచిన దారి అది. తడిసిన మెడ దగ్గర పొగాకు వాసన వేస్తుంటే నేను అక్కడ మొహం దాచుకున్నాను. జారినప్పుడల్లా ఆమె వెదురు గుబురుని పట్టుకునేది, ముళ్ళు చేతికి దిగేవి. ఏదో తనలో తాను అంటూనే ఉంది. తిట్టో మొక్కో నాకు తెలియలేదు. ఆసుపత్రి వరండాలో నన్ను దింపినప్పుడు ఆమె పిక్కల నిండా జలగలు, తాగి తాగి ద్రాక్షల్లా ఉబ్బి వేలాడుతున్నాయి. చూసిన నర్సు ఛీ అని వెనక్కి జరిగి, మళ్ళీ సిగ్గుపడి ఉప్పు తెచ్చింది. నాకు సూదులు వేశారు, నరంలోకి నీళ్ళు ఎక్కించారు. నేను బతికాను. అమ్మా నాన్నా కబురు తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి లేచి బన్ను తింటున్నాను. ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న జీపు ఆపబోతే అవ్వ వద్దంది. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు, అందరం నడిచే వెళ్ళాం.

ఊళ్ళో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. గంగన్న మావ ఎదురుపడితే, పిల్లకి తగ్గినాదా అని అడిగేవాడు. అవ్వ తగ్గినాది అనేది. ఆ ఇద్దరి మామూలు మాటలు వినలేక నేను ఇంటి వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళ పిల్లలతో జీపాట ఆడటం మానేశాను.

చలికాలం వచ్చింది. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి, పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునేది, మేం కొత్త చిక్కుళ్ళ పండగ చేసుకుని నెగడు చుట్టూ కూర్చునేవాళ్ళం. అలాంటి ఒక ఉదయం గంగన్న మావ మా గుమ్మంలో నిలబడ్డాడు. వాడి భార్యకి నొప్పులు మొదలై ఒక రాత్రి గడిచింది, బిడ్డ అడ్డం తిరిగింది. సూర్రావు జీపు కోటలో చెడిపోయి ఉంది.

"బేగి రావాల అత్తా," అన్నాడు.

నేను అవ్వ చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాను. వెళ్ళొద్దన్నాను. వాడు మనల్ని దింపేశాడు, వాడి ఇంటికి వెళ్ళొద్దన్నాను, వాడు వింటూ ఉండగానే. మావ తల దించుకున్నాడు. అవ్వ చుట్ట ఆర్పి చూరులో దోపింది.

"ఆడి పెళ్ళానికేటి తెల్సే? జీపులో అదున్నాదేటి? ఒగ్గు."

నేనూ వెనకే వెళ్ళాను. పురుడి గుడిసె బయట కూర్చుని ఆ అరుపులు విన్నాను. పొద్దు బాగా ఎక్కాక బిడ్డ ఏడుపు వినిపించింది. మగపిల్లాడు. తల్లి కూడా దక్కింది. కాసేపటికి అవ్వ బయటికి వచ్చింది. మోచేతుల దాకా నెత్తురు. చేతుల్లో పాత చేటలో మావి, దాని మీద కప్పిన అడ్డాకు. ఆ పని చేసేది ఎప్పుడూ ముసలి ఆడవాళ్ళే, ఇంటి వెనక గొయ్యి తీసి పూడ్చేస్తారు. అవ్వ నేరుగా వెళ్ళి ఆ చేటని గంగన్న మావ చేతుల్లో పెట్టింది.

"గొయ్యి తియ్యి. నువ్వే కప్పెట్టు."

ఊళ్ళో జనం గుమిగూడి ఉన్నారు. మావ అటూ ఇటూ చూశాడు. చేట కింద పెట్టి గునపం తెచ్చి తవ్వాడు. గొయ్యి అయ్యాక వంగి చేట ఎత్తబోతూ, అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకి చుట్టుకున్నాడు.

"తువ్వాలు తియ్యి," అంది అవ్వ. గొంతు పెంచలేదు. "నీ కొడుకు తొమ్మిది నెల్లు అందులోనే ఉన్నాడు. తియ్యి గంగన్నా."

వాడు తీశాడు. ఒట్టి చేతులతో, ఒట్టి ముక్కుతో పూడ్చి, మట్టి కప్పి, మీద ముళ్ళకంప వేశాడు. వాడి మొహం తడిసిపోయి ఉంది. చెమటో ఏడుపో నేను చెప్పలేను. జీపులో ఆ రోజు కోడిని సర్దుకున్న ఆడమనిషి కూడా అక్కడే ఉంది. అవ్వ వాగుకి వెళ్ళి చేతులు కడుక్కుని, ఇంటికి వచ్చి, చూరులోంచి చుట్ట తీసి ముట్టించుకుంది. ఆ రోజు నా మనసు చల్లబడింది. గంగన్న మావ మీద అసహ్యం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

అవ్వ జీపెక్కింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత కొన్నేళ్ళకి, చైత్రపు తొలి జల్లు పడి కాఫీ తోటలన్నీ ఒక్క రాత్రిలో తెల్లగా విచ్చుకుని ఊరంతా మల్లెల్లాంటి వాసన వేస్తున్నప్పుడు, ఇంట్లోనే కన్నుమూసింది.

రిసార్టు గేటు దగ్గర నోరు కడుక్కుని మళ్ళీ బండెక్కాను. చిన్నారావు దారి పొడుగునా తన జీపు గొప్పలు చెప్తూనే ఉన్నాడు. పొట్టి జీపుకి గేరు మార్చాలంటే రెండు చేతులు కావాలట, పొడుగు జీపుకి బ్రేకు వేస్తే దేవుడి దయట, దీనికి నాలుగు చక్రాలకీ పట్టుందట, ఎంత బురదలోనైనా పోతుందట. రిసార్టులో దిగినవాళ్ళని మా ఊరి పైనున్న పచ్చిక బయలుకి తీసుకెళ్ళడం వాడి పని. వాడొక్కడే కాదు, మా ఊళ్ళో కుర్రాళ్ళు చాలామంది ఇప్పుడు అదే పని మీద ఉన్నారు. పాపం, కష్టపడుతున్నారు. జీపులో ఆడవాళ్ళు ఇప్పుడు మోచేతులు మడుచుకుని కూర్చోవలసిన పనిలేదు, నెలలు నిండినవాళ్ళని కుర్రాళ్ళే క్షణాల మీద ఆసుపత్రికి దింపుతున్నారు. అది కాదనను.

ఊరి ముందు వాగు దగ్గరికి వచ్చేసరికి బండ్లు బారులు తీరి ఉన్నాయి. వంతెన పక్కనే ఉంది. ఎవరూ దాని మీద వెళ్ళడం లేదు. ఒక్కొక్క జీపూ వెనక్కి వెళ్ళి, వేగం పుంజుకుని, వాగులోకి దూకి, నీళ్ళు రెక్కల్లా రెండు వైపులా లేచేలా తిప్పి, మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ దూకుతోంది. బండ్ల పైన నిలబడినవాళ్ళు కేకలు వేస్తున్నారు. ఒడ్డున నిలబడినవాళ్ళు ఫోన్లలో పట్టుకుంటున్నారు. తాగిన సీసాలు, బిర్యానీ డబ్బాలు, ఒక పసిపిల్ల డైపరు, అన్నీ రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. మేం చిన్నప్పుడు ఈ రాళ్ళు ఎత్తి కింద పీతల్ని పట్టి నిప్పుల మీద కాల్చుకుని తినేవాళ్ళం. వేసవిలో పారే నీళ్ళకి దోసిలి పడితే అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేవాళ్ళం. ఇప్పుడు ఆ నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

ఒడ్డున కొంచెం ఎడంగా చిన్నారావు తల్లి, మా వదిన, కూర్చుని ఉంది. పక్కన రెండు ఖాళీ బిందెలు. నేను దిగి ఆమె దగ్గరికి వెళ్ళాను.

"ఏటి సేత్తన్నావు వదినా ఇక్కడ?"

"నీల్లు తేరడానికి కూకున్నాను. ఈలు ఎల్తే గాని తేరదు."

"బోరు లేదా?"

"ఉన్నాది. ఆ నీల్లతో వొండితే అన్నం ఎర్రగవుతాది, తుప్పు కంపు."

"మరి చిన్నారావుకి చెప్పలేవా? మీవాడే కదా తిప్పుతున్నాడు?"

ఆమె నా వైపు ఒకలాగ చూసింది. "ఏటి సెప్పమంతావు? ఆడు మానితే ఇంకోడు తిప్పుతాడు. ఆడు తిప్పబట్టే కదా ఇంట్లో పొయ్యి ఎలగతన్నాది."

ఈలోగా చిన్నారావు అద్దం దించి మా అమ్మాయిని పిలిచాడు. ఒక్కపాలి తిప్పుతానన్నాడు. నేను వద్దనబోయేలోగా అది టాపు తలుపు తెరుచుకుని పైకి లేచి నిలబడింది. జీపు దూకింది. నీళ్ళు లేచాయి. బురద చుక్కలు వచ్చి వదిన బిందెల మీద పడ్డాయి. మా అమ్మాయి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నాకు చెయ్యి ఊపింది. నా కూతురు నవ్వుతుంటే నాకు అసహ్యం వేసింది. అలా వేసినందుకు ఇంకా అసహ్యం వేసింది.

"పోన్లే, గుంటకి సరదా," అంది వదిన, చీర కొంగుతో బిందె తుడుచుకుంటూ.

పొద్దు వాలే వేళకి జీపులన్నీ వెళ్ళిపోయాయి. ఇద్దరం వాగు కేసి చూస్తూ కూర్చున్నాం. బురద మెల్లగా అడుక్కి దిగింది. పైన తేలుతున్న నూనె మాత్రం రంగురంగులుగా మెరుస్తూ అక్కడే తిరుగుతోంది. వదిన అరచేత్తో దాన్ని పక్కకి తోసి, తోసినచోట బిందె ముంచి, మూతికి చీర కొంగు రెండు మడతలు వేసి వడగట్టింది.

ఆ సాయంత్రం ఆ నీళ్ళతోనే సామల అన్నం వండి, నాటుకోడి కూర చేసి, మా ముందు ఆకులు వేసింది. మా అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఏదో డీజిల్ వాసనొస్తోంది," అంది మెల్లగా.

వదిన మొహం వాడిపోయింది. "పొయ్యి పొగమ్మా అది," అంది. లేచి వెళ్ళి, చిన్నారావు జీపులో టూరిస్టుల కోసం పెట్టుకున్న నీళ్ళ సీసా ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టింది. మా అమ్మాయి ఆకు కొంచెం ముందుకు జరిపింది.

వాసన నాకూ వచ్చింది. నేను మారు వడ్డించుకుని, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను.